తలుపు కంటికి పెట్టిన బొట్టు

నా చేతులకు ఏదో అవుతోందన్న కబురు నాకు మొదట చెప్పింది మా తోటికోడలు సుగుణ. నా ఒంటి సంగతి నాకంటే ముందు ఆమె కనిపెట్టింది. కొత్తగూడెంలో మావి పక్కపక్క క్వార్టర్లు. మా ఆయన గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. మరిది భూగర్భ గనిలో, మేము బాయి అంటాం, బొగ్గు తీసే పనిలో ఉన్నాడు. ఆ చలికాలపు పొద్దున సుగుణ పాలగిన్నె పట్టుకుని వస్తూ మా వాకిట్లో ఆగిపోయింది.

“అక్కా, ఇయ్యాల ముగ్గు ఎవరేసిన్రు?”

“నేనే. ఎందుకట్ల అడుగుతున్నవ్?”

“గీతలు తాగినోని నడకలెక్కున్నయి. ఒక్కసారి చూడు.”

చూశాను. నిజమే. చుక్కలు బాగానే ఉన్నాయి. గీతలే మధ్యలో తెగిపోయి, ఒక్కోచోట పిండి కుప్పగా పడి ఉంది. వేళ్ళ మధ్య పిండి నిలవడం లేదని వేసేటప్పుడే తెలిసింది గానీ, చలికి చెయ్యి మొద్దుబారింది అనుకున్నాను. అంతకు కొన్నాళ్ళ ముందు విరేచనాలై తగ్గాయి, ఆ నీరసమేలే అనుకున్నాను. అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటే పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను కదా అనుకున్నాను. మన ఒంటి తరఫున మనమే ఎన్ని సాకులు చెబుతామో!

సాయంత్రం దీపం పెట్టబోతే అగ్గిపుల్ల గీయడం రాలేదు. ఎడమకాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదు. మర్నాడు స్నానాలగదిలో పీట మీద కూర్చున్నదాన్ని ఇక లేవలేకపోయాను. లోపల గడియ పెట్టి ఉంది. మా ఆయన, మరిది కలిసి బోల్టు ఊడగొడితే, సుగుణ ముందుగా లోపలికి వచ్చి నా మీద దుప్పటి కప్పింది. నా వేళ్ళతో నేను గడియ పెట్టుకోవడం అదే ఆఖరని అప్పుడు తెలియదు.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. నేను బడిలో చదువుకున్నదాన్ని కాను. మా పుట్టినూరు అడవి అంచున ఉంటుంది. మా నాన్న పిండిమర నడిపేవారు. మర ఆగినప్పుడల్లా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించారు. చదువుతో పాటు పద్ధతులూ ఆయనే చెప్పారు. మరుగుదొడ్డిలో ఉన్నప్పుడు దేవుడి పేరు ఎత్తకూడదని, ముత్తైదువ తన చేత్తో బొట్టు తుడవకూడదని. నేను ఈనాటికీ ఆ మాట జవదాటలేదు, ఒక్కసారి తప్ప.

ఖమ్మం పెద్ద దవాఖానాలో చిన్న వయసు డాక్టరుగారు నా ముందు చూపుడువేలు పెట్టారు.

“అమ్మా, నా వేలు గట్టిగా పట్టుకోండి.”

“పట్టుకున్నాను సార్.”

“పట్టుకోండమ్మా.”

“పట్టుకునే ఉన్నాను సార్.”

ఆయన నా మొహం చూశారు, తర్వాత నా పిడికిలి చూశారు. తన వేలు మెల్లగా బయటికి తీసుకున్నారు. అది ఎప్పుడు వెళ్ళిపోయిందో కూడా నాకు తెలియలేదు. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు ఉలకలేదు. “రిఫ్లెక్సెస్ లేవు” అని పక్కనున్న నర్సమ్మతో అన్నారు. నరాల్లో కరెంటు సరిగ్గా పారుతోందో లేదో చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీరు తీసి పంపారు. అన్నీ చూశాక మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“దీన్ని జీబీఎస్ అంటారమ్మా. గిలాన్ బారీ సిండ్రోమ్. ఒంట్లోకి వచ్చిన జబ్బుతో పోరాడాల్సిన శక్తి మీ నరాల మీదే పడింది.”

“దానికి నా మీద కోపమెందుకు సార్?” అని అడిగాను. అమాయకంగానే అడిగాను.

ఆయన నవ్వారు. “కోపం కాదమ్మా, పొరపాటు.”

ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నేనేం పాపం చేశానా అని అంతవరకు లోపల తవ్వుకుంటూ ఉన్నాను. పొరపాటైతే ఓర్చుకోవచ్చు.

ఐవీఐజీ అనే మందు సెలైన్‌లా ఎక్కించారు. “ఇది ఎందరో రక్తం ఇస్తే తీసిన మందు” అని నర్సమ్మ చెప్పింది. ఆ సీసా వంక చూస్తూ పడుకున్నాను. వాళ్ళెవరో, ఏ ఊరి వాళ్ళో! దండం పెడదామంటే చేతులు లేవలేదు, మనసులోనే పెట్టుకున్నాను. ఇప్పటికీ పొద్దున దీపం దగ్గర “పేరు తెలియని వాళ్ళందరూ చల్లగా ఉండాలి” అనుకున్నాకే నా రోజు మొదలవుతుంది.

మందు పనిచేసేలోపే జబ్బు ఛాతీదాకా ఎక్కింది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో డాక్టర్లు మాటిమాటికీ అడిగేవారు. ప్రతిసారీ ముందుకంటే తక్కువలో ఆగిపోయేదాన్ని. “వెంటిలేటర్ పెడదాం, భయపడకండి” అన్నారు. గొంతులో గొట్టం, కదలని కాళ్ళూ చేతులూ. ముక్కు మీద దోమ వాలితే అదే ఎగిరిపోయేదాకా చూస్తూ ఉండాల్సిందే. కన్నీళ్ళొస్తే చెవుల్లోకి కారేవి. ఏడుస్తున్నానని ఎవరికీ తెలిసేది కాదు.

ఐసీయూలో రోజూ కాసేపు ఒక్కరిని లోపలికి పంపేవారు. మా ఆయన అద్దంలోంచి చూసి వెనక్కి తిరిగేవారు, ఆయనకు గుండె చాలేది కాదు. సుగుణ వచ్చేది. రాగానే నా నొసట స్టిక్కరు బొట్టు పెట్టేది. “ఇక్కడ ఇవన్నీ పెట్టొద్దమ్మా” అని నర్సమ్మ కసిరితే, “బొట్టు లేకుంటే మా అక్క మా అక్కలెక్క కనవడదు మేడం, మీరు మనిషిని మారుస్తరు” అనేది. నర్సమ్మకు నవ్వొచ్చేది. నాకూ వచ్చేది గానీ, నవ్వడానికి మొహం సహకరించేది కాదు.

దేవుడి దయ, డాక్టర్ల చలవ. గొట్టం తీశారు. మాట వచ్చింది, నడుము నిలిచింది. కాళ్ళకు ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ పట్టీలు కట్టి, వాకర్ ఇచ్చి ఇంటికి పంపారు. వేళ్ళు మాత్రం రాలేదు. “యాక్సోనల్ టైపు అమ్మా, నరం లోపలి తీగే దెబ్బతింది. కాళ్ళు ముందొస్తాయి. వేళ్ళు నెమ్మది. నెమ్మదంటే ఎంత అని నన్నడగొద్దు” అన్నారు డాక్టరుగారు. వాకర్‌ను కూడా నేను వేళ్ళతో పట్టుకోను, ముంజేతులు ఆనించి నడుస్తాను.

ఇకపై చెప్పేది సిగ్గుపడుతూనే చెప్పి రాయిస్తున్నాను. ఇది దాచిపెట్టి తక్కినదంతా రాయిస్తే చదివేవాళ్ళకు ఉపయోగం లేదు.

మొదట్లో దొడ్డికి వెళ్తే అన్నీ సుగుణే చేసింది. ముక్కు మూసుకోలేదు, మొహం తిప్పుకోలేదు. తర్వాత తర్వాత నైటీతో, మణికట్టుతో నొక్కే నీళ్ళ పంపుతో నా పని నేనే చేసుకోవడం నేర్చుకున్నాను. ఆఖరికి రాకుండా మిగిలిపోయింది గడియ ఒక్కటే. బోల్టు చిన్న ఇనుప ముక్క. దాన్ని రెండు వేళ్ళతో పట్టి జరపాలి. నాకు ఆ రెండు వేళ్ళే లేవు. ఇంట్లో అయితే తలుపు దగ్గరగా వేసి, సుగుణ బయట పీట మీద కూర్చుని బియ్యం ఏరుతూ కాపలా కాసేది. ఎవరైనా వస్తే “లోపట మా అక్కుంది, అటు పోర్రి” అని తరిమేది.

బయటికి వెళ్తే? ఖమ్మంలో చూపించుకుని వస్తూ దారిలో ఒక బస్టాండులో ఆగాం. సుగుణ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. అంతలో ఏదో బస్సు దిగి ఆడవాళ్ళంతా ఒక్కసారి తోసుకొచ్చారు. తలుపు భళ్ళున తెరుచుకుంది. నేను కూర్చునే ఉన్నాను. మోకాళ్ళ మీదికి బట్ట లాక్కోవడానికి కూడా వేళ్ళు లేవు. అంతమంది ముందు అలాగే ఉండిపోయాను.

“గడియ పెట్టుకోవాల్నని తెల్వదా?” అంది ఒకావిడ.

“చేతులు పనిజేస్తే పెట్టుకోదా? నీ కండ్లు పనిజేస్తున్నయి గదా, నువ్వు మూసుకో!” అని సుగుణ తలుపు లాగేసింది.

ఆ తర్వాత ఎటు వెళ్ళాలన్నా ముందురోజు నుంచే నీళ్ళు మానేయడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఒకసారి అలా వెళ్ళొచ్చాక చలిజ్వరం పట్టుకుంది. యూరిన్ ఇన్ఫెక్షన్ అని మళ్ళీ అడ్మిట్ చేశారు. మళ్ళీ మూత్రానికి గొట్టం, కెథెటర్. మంచంలో పడి ఉండేసరికి అప్పటిదాకా కష్టపడి తెచ్చుకున్న కాళ్ళ బలం కూడా జారిపోయింది.

“నీళ్ళు ఎందుకు తాగట్లేదమ్మా?” అడిగారు డాక్టరుగారు.

“దాహం వెయ్యదు సార్.”

“అబద్ధం సార్,” అంది సుగుణ. “గడియ పెట్టుకోరాదని తాగుతలేదు. నాకిప్పుడే సమజైంది.”

డాక్టరుగారు పెన్ను మూత పెట్టేశారు. “దీనికి నా దగ్గర మందు లేదమ్మా” అన్నారు. వేరే ఏం చెప్పినా అబద్ధమయ్యేది. నిజం చెప్పినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇంటికి వచ్చి మళ్ళీ నాలుగడుగులు వేస్తున్న రోజుల్లో మరిదికి మంచిర్యాల వైపు గనికి ట్రాన్స్‌ఫర్ అయింది. దసరా కాగానే వెళ్ళాలి. “మంచిదే కదా, మీ అమ్మగారింటికి దగ్గర” అన్నాను సుగుణతో. ఇక తలుపు బయట ఎవరుంటారన్న మాట ఇద్దరి మనసులోనూ ఉంది.

రెండు రోజులు పోయాక సుగుణ పరుగెత్తుకుంటూ వచ్చింది.

“అక్కా, భద్రాచలంల గోదారి తొవ్వ మీద కొత్త బాత్‌రూములు కట్టిన్రంట. అండ్ల ఒకటి నడవరానోళ్ళ కోసం. గడియ ముట్టుకునుడే లేదంట! అద్దం ముందట చెయ్యి ఊపితే అది కన్నులెక్క చూసి, తలుపు మూసుకొని గడియ పడతదంట. మా అన్న చూసొచ్చిండు.”

“పడ్డ గడియ మళ్ళ ఎట్ల వస్తది?”

“మళ్ళ ఊపితే వస్తదంట. దసరాకు పోదాం. సామి దర్శనమూ అయితది. నువ్వొక్కదానివే లోపటికి పోయి, గడియ పెట్టుకొని, నీ అంతట నువ్వు బయటికి రావాలె. అది నా కండ్లతోని చూసి పోత.”

పండుగనాడు మా ఆయనకు వర్క్‌షాపులో ఆయుధపూజ. మేమిద్దరమే ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. పాల్వంచ దాటగానే సుగుణ నీళ్ళసీసా నా నోటికి అందించింది. “తాగు.” తాగాను. సారపాక దగ్గర మళ్ళీ పట్టింది. వంతెన మీదికి రాగానే గోదావరి కనిపించి కళ్ళు నిండాయి. ఈ నీళ్ళను మళ్ళీ చూస్తానని ఐసీయూలో అనుకోలేదు. దర్శనం చక్కగా అయింది. సీసా తన పని తాను చేసింది.

ఆ గదులను చూసుకునే ఆమె పేరు లచ్చమ్మ. దుమ్ముగూడెం వైపు అడవి పల్లె మనిషి. కాళ్ళకు పసుపు రాసుకుని, తలుపులన్నిటికీ బంతిపూల తోరణాలు కట్టి ఉంది. “రా తల్లీ, మంచిగొచ్చినవు. ఇప్పుడే కడిగి, పూజ చేసిన. మొదలు నువ్వే” అంది. బయటి అద్దం ముందు చెయ్యి ఊపి తలుపు తెరిచి చూపించింది. నేను వాకర్‌తో లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. సుగుణ దూరంగా జరిగి, తలుపు పట్టుకోలేదని నాకు తెలిసేలా రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

లోపల గోడకు రెండు చిన్న నల్లటి అద్దాలున్నాయి. కింది దాని పక్కన మూసిన తాళం బొమ్మ, పై దాని పక్కన తెరిచిన తాళం బొమ్మ. రెండింటికీ పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. కింది దానికి అంచున పడింది. పై దానికి నిండుగా, మధ్యలో. ఎవరో ఎంత భక్తిగా పెట్టారో అని సంతోషపడ్డాను కూడా. కింది అద్దం ముందు మణికట్టు ఊపాను. తలుపు దానంతటదే జరిగి మూసుకుంది. టక్‌మని గడియ పడింది. ఎర్రలైటు వెలిగింది.

ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. జబ్బు చేసిన తర్వాత, తలుపు అవతల ఎవరూ పట్టుకోకుండా నేను ఒక్కదాన్నే ఉండడం అదే మొదటిసారి. తొందరపడకుండా నా పని చేసుకున్నాను. లేచి, బట్ట సర్దుకుని, పై అద్దం ముందు చెయ్యి ఊపాను.

ఏమీ కాలేదు. మళ్ళీ ఊపాను. మోచేయి ఊపాను. కొంగు ఊపాను. ఎర్రలైటు అలాగే ఉంది.

“అక్కా, అయిందా?”

“అయింది. వస్తలేదు.”

“పైది ఊపు తల్లీ, పైది!” లచ్చమ్మ గొంతు.

“పైదే ఊపుతున్న.”

“తాడుంటది చూడు, గుంజితే గంట మోగుతది.”

తాడు ఉంది. గది కడిగేటప్పుడు తడవకూడదని చుట్టచుట్టి నా తలకంటే పైన మేకుకు కట్టేశారు. లోపల గడియ పడితే బయటి అద్దం పనిచెయ్యదట, బయట నుంచి తెరిచే తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర ఉందట. ఆయన పూజకు ఇంటికి వెళ్ళాడట. నా కాళ్ళు వణకడం మొదలైంది. నేను వాకర్ మీద నిలబడగలిగింది కాసేపే. పడితే లేవలేను. పడ్డానని చెప్పడానికి గొంతు ఉంది గానీ, లోపలికి రావడానికి ఎవరికీ దారి లేదు. దేవుణ్ణి తలుచుకుందామంటే ఆ చోటు కాదు.

బయట జనం పోగైనట్టున్నారు. “ఏంది, లోపట కూడ పూజనేనా?” అని ఎవరో మగగొంతు నవ్వింది.

“అక్కా, ఆ అద్దం మీద ఏమన్న పడ్డదా?” అడిగింది సుగుణ.

“ఏం పడలే. బొట్టుంది, అంతే.”

లచ్చమ్మ లబలబలాడింది. “అయ్యో నా తల్లో! నేనే పెట్టిన. అన్నం పెట్టే మిషినని నడిమిట్ల మంచిగ పెట్టిన.”

“కంట్ల పెడతరా బొట్టు ఎవరన్న! అక్కా, దాన్ని తుడువు. జల్దీ తుడువు.”

నేను కదల్లేదు. పిచ్చిదని మీరు అనుకోవచ్చు. బొగ్గు ఊళ్ళలో కాపురముండే ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మనిషి షిఫ్టు దిగి గడప తొక్కేదాకా మేము బొట్టు చెదిరితే దిద్దుకుంటాం గానీ తుడవం. తల స్నానం కూడా ఆయన వచ్చాకే. అలాంటిది పండుగపూట, పూజ చేసిన బొట్టును, ఆ చోట నిలబడి తుడవడమా?

“ఎట్ల తుడవనే సుగుణా?”

“అది మనిషి నొసలు గాదక్కా, మిషిను!”

“పెట్టింది బొట్టే కదనే.”

సుగుణ తలుపుకు పెదవులు ఆనించినట్టు, దగ్గరగా, నెమ్మదిగా అంది. “నా పేరు చెప్పి తుడువక్కా. పాపమేదన్నుంటే నాకే రానీ.”

ఆమె భర్త భూమి లోపలికి దిగి పనిచేసే మనిషి. నా భర్త పైన వర్క్‌షాపులో ఉంటాడు. ఆ తేడా ఆమెకు తెలియక అన్నది కాదు.

మోకాలు మడత పడిపోతోంది. “సుగుణా” అన్నాను. కళ్ళు మూసుకుని మణికట్టుతో ఆ అద్దాన్ని తుడిచాను. పసుపు గట్టిగా అంటుకుపోయి ఉంది, ఒక పట్టాన పోలేదు. రుద్దుతుండగానే టక్‌మంది. తలుపు జరిగింది.

సుగుణ ఎదురుగానే ఉంది. ఏడుస్తూ నన్ను నడుము దగ్గర పట్టుకుని బయట బల్ల మీద కూర్చోబెట్టింది. నా మణికట్టంతా కుంకుమ. దాన్ని తన వేలితో తీసి ముందు నా నొసట పెట్టింది, తర్వాత తను పెట్టుకుంది. “చూసినవా, యాడికీ పోలే. ఇక్కడికే వచ్చింది” అంది.

లచ్చమ్మ నా కాళ్ళ దగ్గర కూలబడింది. “చెప్పకుర్రి తల్లీ, నౌకరి పోతది. దానిమీద ప్రేమతోనే పెట్టిన.” తన భాషలో కూడా ఏదో అనుకుంటూ చెంపలు వేసుకుంది.

“కోపం లేదమ్మా, పొరపాటు” అన్నాను. నాకు ఒకరు దానం చేసిన మాట అది, ఇంకొకరికి ఇవ్వగలిగాను. ఆమె గుడ్డతో రెండు అద్దాలూ శుభ్రం చేసి, తాడు కిందికి వదిలి, తలుపు పైన చెక్కకు కొత్త బొట్టు పెట్టింది.

“ఇగ మళ్ళ పో,” అంది సుగుణ.

“మళ్ళా? ఇప్పుడే కదనే పోయొచ్చిన!”

“కూసోకున్నా మంచిదే. పోయి, మూసుకొని, తెరుసుకొని రా. లేకుంటే ఇగ జన్మల పోవు నువ్వు. నాకు తెల్వదా?”

వెళ్ళాను. మూసుకున్నాను. తెరుచుకుని వచ్చాను. ఆమె రెండు చేతులూ పైకెత్తే ఉంది.

వారం తిరక్కుండానే వాళ్ళు సామాను కట్టుకుని వెళ్ళిపోయారు. ఇంట్లో మా ఆయన బోల్టు తీసేసి, మణికట్టుకు తగిలించుకునే పెద్ద రింగుతో కొయ్యగడియ బిగించారు. ఇంట్లో గడిచిపోతోంది. బొటనవేలు కొంచెం కదులుతోంది. ముగ్గు ఇంకా వేయలేను, తెగిన గీతలైనా సరే వేయాలని ఉంటుంది. బయటికి వెళ్ళాలంటే మాత్రం నేను ఇప్పటికీ పాత మనిషినే. భద్రాచలంలో ఉన్నట్టు ప్రతిచోటా ఉండదు. బస్టాండులో ఆ చిన్న ఇనుప బోల్టును చూసి నిలబడిపోతాను, ఎవరినైనా కాస్త తలుపు పట్టుకోమని అడుగుతాను. కొందరు పట్టుకుంటారు, కొందరు బస్సొచ్చిందని వెళ్ళిపోతారు. ఎవరినీ తప్పుపట్టను. నీళ్ళు మాత్రం మానడం లేదు.

నాలాంటి వాళ్ళకు ఒక్క మాట. చెయ్యి ఊపితే గడియ పడే గది ఎక్కడైనా దొరికితే, గడియ పడ్డాక బయటికి వచ్చే దారి తలుపు తెరిచి ఉండగానే చూసుకోండి. అక్కడున్న మనిషిని లోపలికి పిలిచి, తెరిచే అద్దం మీద పసుపు గానీ సున్నం గానీ స్టిక్కరు గానీ లేకుండా చూడమనండి. తాడు మీ చేతికి అందేలా కిందికి వదలమనండి. అడగడానికి సిగ్గుపడొద్దు. ఆ సిగ్గు నన్ను ఒకసారి ఆస్పత్రిలో పడేసింది.

ఇంకొకటి అడుగుతాను, కాదనకండి. మరిది ఇప్పటికీ బాయిలోకి దిగుతున్నాడు. షిఫ్టు వదిలే వేళకు సుగుణకు ఫోన్ చేస్తాను. “వచ్చిండక్కా, కాళ్ళు కడుక్కుంటుండు” అని ఆమె నోటితో వినేదాకా నేను దీపం ముందు నుంచి లేవను. నా రోజు ఇప్పుడు అక్కడ ముగుస్తుంది. నేను ఒక్కదాన్నే తలుచుకుంటే సరిపోతుందో లేదో నాకు తెలియదు. మీరు దీపం పెట్టినా, ప్రార్థన చేసినా, నమాజు చదివినా, చివర్లో సుగుణ అని ఒక్కసారి తలుచుకోండి. ఆ బొట్టు తుడిచిన చెయ్యి నాది. చెప్పిన పేరు మాత్రం ఆమెది.